తాడు అందిస్తున్నారు, పట్టుకుందాం

ఇంగ్లండులో స్థిరపడ్డ మన కుటుంబాలకు ఆదివారం పొద్దున మోగే చర్చి గంటలు కొత్తేమీ కాదు. వాటిని ఏదో యంత్రం మోగిస్తుందనుకునేవాళ్లు మాత్రం మనలో చాలామంది ఉన్నారు. చాలా ఊళ్లలో ఒక్కో గంటకు ఒక్కో తాడు, ఒక్కో మనిషి. ఆ మనుషులే ఇప్పుడు చాలడం లేదు. 2023లో రాజు పట్టాభిషేకానికి ముందు, కొత్తవాళ్లు వచ్చి నేర్చుకోండని దేశమంతటా పిలుపునిచ్చారు. ఆ పిలుపు మనకూ వర్తిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలున్న తెలుగు కుటుంబాలు తమ ఊరి గంటల బృందంలో చేరాలని గట్టిగా కోరుకుంటున్నాను.

సంగతేమిటో తెలియాలంటే ఆ బృందాలు వారాంతంలో వేసే టవర్ల (చర్చి గంటలుండే గోపురాల) యాత్రకు ఒకసారి వెళ్లి చూడాలి. టవర్ కెప్టెన్ ముందే నాలుగైదు ఊళ్లకు రాసి వేళలు ఖాయం చేసుకుంటారు. కార్లలో బయల్దేరి, ఒక చర్చిలో కాసేపు మోగించి, పక్క ఊరికి పోతారు. మధ్యాహ్నం ఏదో పబ్బులో భోజనం. మా ఊరి బృందంతో నేను నార్ఫోక్ వెళ్లాను. మనిషి భుజాలు రాసుకునేంత ఇరుకైన మెలికల మెట్లెక్కితే పైన చిన్న గది, పైకప్పు రంధ్రాల్లోంచి గుండ్రంగా దిగిన తాళ్లు. తాడు మధ్యలో ఎరుపూ తెలుపూ నీలం రంగుల ఉన్ని కుచ్చు ఉంటుంది, దాన్ని సాలీ అంటారు. మొదటి గంట పట్టుకున్న మనిషి ‘లుక్ టూ’ (సిద్ధం కండి) అనగానే గదిలో మాటలు ఆగిపోతాయి. కొత్తగా నేర్చుకుంటున్న ఒక తెలుగు అమ్మాయికి ఎదురుగా డెబ్బై దాటిన ఆవిడ నిలబడి, సాలీని ఎప్పుడు వదలాలో చూపులతోనే చెప్పింది. వదలాల్సిన క్షణంలో వదలకపోతే తాడు మనిషిని పైకి లాగేస్తుంది. కండబలం కన్నా ఆ క్షణం తెలియడమే ముఖ్యం. కాబట్టే పన్నెండేళ్ల పిల్లా, డెబ్బై ఏళ్ల పెద్దావిడా పక్కపక్కన నిలబడి మోగించగలుగుతున్నారు.

ఆ గదికి పైన, గంటల దగ్గర జరిగేది ఇదీ. గంటను చక్రానికి బిగించి, నోరు ఆకాశంవైపు ఉండేలా నిలబెడతారు. తాడు లాగితే అది పూర్తి చుట్టు తిరిగి మళ్లీ నోరు పైకే వచ్చి ఆగుతుంది. చుట్టుకో దెబ్బ. వందల కిలోల లోహం కదా, పైన ఒక్క క్షణం ఆపగలం, లేదా కాస్త ముందుగా తిప్పగలం, అంతకు మించి కుదరదు. పాటలు మోగించడానికి ఈ పద్ధతి పనికిరాదు. బదులుగా మోగే వరసలో పక్క గంటతో స్థానం మార్చుకుంటూ పోతారు (ఒక్కో అంకె ఒక్కో గంట): 123456, 214365, 241635... ఒకసారి వచ్చిన వరస మళ్లీ రాకూడదు. ఎదురుగా కాగితం ఉండదు, అంతా కంఠస్థమే.

నారిచ్‌లోని సెయింట్ పీటర్ మాంక్రాఫ్ట్ చర్చిలో 1715 మే 2న ఏడు చర్చి గంటలతో సాధ్యమైన 5,040 వరసలనూ ఒక్కటీ తప్పకుండా మోగించారు. అందుకు మూడు గంటల 18 నిమిషాలు పట్టింది. ఎనిమిదైతే వరసలు 40,320. వాటిని 1963లో లఫ్‌బరోలో ఎనిమిది మంది, మధ్యలో మనుషులు మారకుండా, దాదాపు 18 గంటల సేపు మోగించారు.

ఈ 5,040 మన సంగీతశాస్త్రానికీ తెలిసిన అంకే. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో ఏడు స్వరాలకూ ప్రస్తారం (సాధ్యమైన వరసలన్నీ పేర్చి చూపడం) చెప్పి ఇదే లెక్క తేల్చాడు. ఫలానా వరస ఎన్నోది, ఎన్నో వరస ఏది అని కనిపెట్టే పద్ధతీ చెప్పాడు. ఛందస్సు చదివినవాళ్లకు ఈ రెండు పద్ధతుల పేర్లు, ఉద్దిష్టం, నష్టం, గుర్తుండే ఉంటాయి. ఆయనకు లేని ఒక నిబంధన గంటలు మోగించేవాళ్లకుంది: ఏ గంటా ఒక్కసారికి ఒక స్థానం మించి జరగకూడదు. లెక్కలంటే ఇష్టపడే మన పిల్లలకు ఇంతకన్నా మంచి ఆట నాకు తోచదు. పైగా ఒంటరిగా ఆడే ఆట కాదిది. ఒక్కరు తడబడితే అందరి వరసా చెదురుతుంది, అందరూ కలిసి సర్దుకోవాలి.

‘మనకెందుకండీ చర్చి గొడవ’ అని ఒక పెద్దాయన అడిగారు. మనలో క్రైస్తవ కుటుంబాలున్నాయి, వారికి ఆ ప్రశ్నే లేదు. మిగతావాళ్లకు నేను చెప్పేది ఒకటే. గంటలు ఆరాధన కోసమే మోగుతాయి, దాన్ని గౌరవించాలి. కానీ నేను వెళ్లిన ఏ టవర్‌లోనూ నీ మతమేమిటని ఎవరూ అడగలేదు. ప్రార్థనకు వెళ్లని వాళ్లు ఆ బృందాల్లో ఎందరో ఉన్నారు. పక్క ఊరివాడు వస్తే తమ తాడు తీసి చేతికివ్వడం వాళ్ల మర్యాద. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లలో ఉంటూ మనం దీపావళికి పొరుగువాళ్లను పిలుస్తున్నాం, వాళ్లొచ్చి భోంచేసి వెళ్తున్నారు. సంతోషమే. వాళ్ల పనిలో మనం చెయ్యి వేసిన సందర్భాలు మాత్రం తక్కువ.

పిల్లలకు తీరిక లేదన్న మాట నిజం. కూచిపూడి, ఈత, ట్యూషన్లు. అయినా గంటల సాధన వారానికి ఒక సాయంత్రమే, చాలాచోట్ల నేర్పడానికి రుసుమూ తీసుకోరు. రెండు మూడు నెలలు ఓపిక పడితే గంట అదుపులోకి వస్తుంది, ఆ తరవాతే వరసలు.

ఈ వేసవి వనభోజనాల రోజున మన తెలుగు సంఘం తరఫున స్థానిక బృందంతో మాట్లాడి, రెండు మూడు టవర్లు చూసే ఏర్పాటు చేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అంతవరకూ ఆగలేనివాళ్లు తమ ఊరి చర్చి నోటీసు బోర్డు చూడండి, సాధన ఏ సాయంత్రమో రాసి ఉంటుంది. తలుపు తోసుకుని పైకెళ్లి, నేర్చుకోవాలని ఉందని చెప్పండి.