పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన డచ్చి కాసు

బొమ్మ వైపు కవచం తొడుక్కున్న యోధుడు నిలబడి ఉంటాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో ఏడు బాణాల కట్ట. బొరుసు వైపు నలుచదరపు చట్రంలో పొట్టి పొట్టి లాటిన్ మాటలు. రాజు ముఖం లేదు, ఇంత విలువ అని చెప్పే అంకె లేదు. బరువు సుమారు 3.49 గ్రాములు, మేలిమి వెయ్యికి 983 పాళ్లు. మన బంగారు కొట్లలో కాసంటే 8 గ్రాములు కాబట్టి, ఇది అరకాసుకి కూడా కొంచెం తక్కువే. ఇదే డచ్చి డకట్, అంటే నెదర్లాండ్స్ (మన వాడుకలో హాలండ్) బంగారు నాణెం.

పందొమ్మిదో శతాబ్దపు డచ్చి బంగారు నాణేలు సేకరించాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న 'ఇది అసలుదేనా?' అని. చాలామంది దృష్టిలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ టంకశాలలో కొట్టినది అసలు, మిగతాది నకిలీ. ఈ కొలమానం డకట్‌కి సరిపోదని నా నమ్మకం. దీన్నే పట్టుకుని కూర్చుంటే ఈ నాణెం చరిత్రలో సగం మన పెట్టెలోకి రాదు.

కారణం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. డచ్చి రాష్ట్రాలు 1586లో ఈ అచ్చును ఖాయం చేశాయి. ఇంటి ఖర్చుకి, సంతలో బేరానికి పుట్టిన డబ్బు కాదిది. బాల్టిక్ తీరంలో ధాన్యం కొనాలన్నా, పోలండ్‌లోనో రష్యాలోనో బాకీ తీర్చాలన్నా, తూర్పు మధ్యధరా రేవుల్లో సరుకు ఎత్తాలన్నా ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి చేతిలో ఉండాల్సిన డబ్బు. అవతలివాడికి లాటిన్ రాదు, హాలండ్ ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు. కానీ ఆ యోధుణ్ని గుర్తుపడతాడు. తూకం, మేలిమి తప్పవని అతనికి అనుభవం. అందుకే రెండున్నర శతాబ్దాలు గడిచినా ఆ బొమ్మను కదిలించడానికి ఒక్కరు తప్ప ఎవరూ సాహసించలేదు. నెపోలియన్ తమ్ముడు లూయీ 1806లో హాలండ్‌కి రాజయ్యాక కొన్నాళ్లు డకట్ మీద తన ముఖం వేయించుకున్నాడు. 1810లో ఆ రాజ్యమే పోయింది. 1814లో కొత్త ప్రభుత్వం డకట్ కొట్టడం మొదలుపెట్టగానే మళ్లీ పాత యోధుడే వచ్చి నిలబడ్డాడు.

బొరుసు మీది ఒక మాట నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. 'ఆడ్ లెగెమ్ ఇంపెరీ' అంటే 'సామ్రాజ్య శాసనం ప్రకారం'. ఆ సామ్రాజ్యం పవిత్ర రోమన్ సామ్రాజ్యం. 1806లో అది రద్దయిపోయింది. అయినా ఆ తర్వాత యోధుడి బొమ్మతో కొట్టిన డకట్ల మీద ఆ మాట కొనసాగింది. శాసనం చేసిన రాజ్యం లేకపోయినా శాసనం చెప్పిన తూకం ఉంది. పుచ్చుకునేవాడికి కావాల్సింది అదే.

1847 నాటి చట్టంతో నెదర్లాండ్స్ వెండి ప్రమాణానికి మారింది, అంటే దేశపు డబ్బుకి వెండే ఆధారమైంది. అప్పుడు 5, 10, 20 గిల్డర్ల (గిల్డర్ అంటే మన రూపాయిలా అక్కడి డబ్బు) స్థాయిలో కొట్టిన బంగారు నాణేల మీద గిల్డర్ల మాటే ఎత్తలేదు. బరువు ఇంత, మేలిమి 0.900 అని మాత్రం ముద్రించారు. 1848, 1853 మధ్య వచ్చిన ఈ వాణిజ్య నాణేలు తక్కువ, ఖరీదు ఎక్కువ. 1875లో బంగారం మళ్లీ దేశపు డబ్బయ్యాక వచ్చిన 10 గిల్డర్ల నాణేలు వేరే కథ. వాటిలో 1895 తేదీ ఉన్నవి 149 మాత్రమే కొట్టారు కాబట్టి వేలంలో అందరి కళ్లూ వాటి మీదే. నాకు వాటి మీద పెద్ద ఆశ లేదు. నా మనసు పడింది తిరిగి తిరిగి అరిగిన డకట్ మీద.

ఇక రష్యా సంగతి. విదేశాల్లో ఉన్న సైన్యానికి జీతాలివ్వాలంటే రష్యా ప్రభుత్వానికి డచ్చి డకట్లు కావాలి. కొనాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖర్చు. అందుకని 1735 నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాల వాటిని గుట్టుగా తానే కొట్టడం మొదలుపెట్టింది. యోధుడు అదే, లాటిన్ అదే, ఉట్రెక్ట్ గుర్తులూ అవే. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు కూడా రాసేవారు కాదు, 'తెలిసిన నాణెం' అని రాసేవారు. జనం మాత్రం ఆ బాణాల కట్టను చూసి 'కట్ట నాణెం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కాకసస్‌లో, మధ్య ఆసియాలో యుద్ధం చేసిన సైన్యాల దాకా ఇవి వెళ్లాయి. డచ్చి ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో చివరికి 1868లో ఈ పని ఆగింది. అంటే నూట ముప్ఫై ఏళ్లకు పైగా ఒక దేశం ఇంకో దేశపు బంగారు నాణేన్ని కొట్టింది, అదీ దాదాపు అదే తూకంతో, అదే మేలిమితో.

దీన్ని దొంగ నాణెం అనాలా? డచ్చివారి కోపం న్యాయమైనదే. పేరు వాళ్లది, ఆ పేరుకి మచ్చ వస్తే నష్టపోయేదీ వాళ్లే. ఆ మాట నేను కాదనను. కానీ దాన్ని జీతంగా పుచ్చుకున్న సిపాయి మోసపోలేదు. అతని దగ్గర గుర్రం అమ్మినవాడూ మోసపోలేదు. గీటురాయి మీద గీసినా, త్రాసులో వేసినా అది చెప్పిన మాట నిలబెట్టుకుంది. వాణిజ్య నాణెం ఇచ్చే మాట ఆ ఒక్కటే.

వార్సా సంగతి ఇంకా గుండెను తాకుతుంది. 1830 నవంబరులో పోలండ్ జనం రష్యా మీద తిరగబడ్డారు. తిరుగుబాటు ప్రభుత్వానికి బయటి దేశాల్లో చెల్లే డబ్బు కావాలి. కొత్తగా పుట్టిన ప్రభుత్వపు ముద్రను ఎవరు నమ్ముతారు? అందుకని 1831లో వార్సా టంకశాల కూడా డచ్చి డకట్లే కొట్టింది. ఒక్క తేడా ఉంది. యోధుడి తల దగ్గర పిసరంత పోలిష్ గద్ద. ఆ గద్ద కోసం ఎంతమంది సేకరించేవాళ్లు భూతద్దాలు పట్టుకుని కూర్చున్నారో! ఆ ఏడాదే తిరుగుబాటు ఓడిపోయింది. నాణేలు మిగిలాయి. జారు (రష్యా చక్రవర్తి) టంకశాల, జారుని ఎదిరించినవాళ్ల టంకశాల, రెండూ ఒకే యోధుణ్ని అచ్చువేసిన కాలం అది.

తెలుగువాళ్లకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నం లాంటి చోట్ల బట్టల వ్యాపారం చేసిన డచ్చివారు, అదే మన పాత మాటలో వలందావారు, పులికాట్ కోటలో సొంత టంకశాల పెట్టుకుని దక్షిణాది పద్ధతి వరహాలు కొట్టారు. ఇక్కడి నేతగాడు, ఇక్కడి కోమటి నమ్మేది వరహాని, హాలండ్ యోధుణ్ని కాదు. ఇంగ్లీషువారు మద్రాసులో వేంకటేశ్వరుడూ దేవేరులూ ఉన్న మూడు స్వాముల వరహా వేసిందీ ఇందుకే. వీటిని మన సేకర్తలెవరూ నకిలీ అనరు, పోటీపడి కొంటారు. ఇక్కడ పాలకుల అనుమతి ఉంది, పీటర్స్‌బర్గ్‌కి ఆ అనుమతి లేదు. ఆ తేడా చిన్నది కాదు. కానీ నమ్మకం ఉన్న బొమ్మనే అచ్చువేయాలన్న వ్యాపార బుద్ధి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఒక జాగ్రత్త చెప్పాలి. కోస్తాలో ఎవరింట్లోనైనా పందొమ్మిదో శతాబ్దపు డకట్ దొరికితే 'మా ముత్తాతకి వలందావారు ఇచ్చారు' అనే కథ వెంటనే పుడుతుంది. 1824 ఒప్పందం ప్రకారం డచ్చివారు ఈ తీరంలోని తమ స్థావరాలను మరుసటి ఏడాదే ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. 1840 తేదీ ఉన్న నాణెం వాళ్ల చేతి మీదుగా ఇక్కడికి రాలేదు. తేదీ చూడకుండా కథను నమ్మొద్దు.

ఆ మాటకొస్తే తేదీని కూడా పూర్తిగా నమ్మలేం. 1849 డకట్‌నే చూడండి. ఉట్రెక్ట్‌లో ఆ ఏడాది కొట్టినవి చాలా తక్కువ. పీటర్స్‌బర్గ్ మాత్రం ఆ తేదీ మీదే ఏళ్ల తరబడి కొట్టుకుంటూ పోయింది. క్యాటలాగులో డచ్చి ముద్రణ సంఖ్య చూసి 'అరుదైనది' అని ఎగబడి డబ్బు పెట్టినవాళ్లకి తర్వాత టెన్షన్ తప్పదు. అచ్చులో తేడా అక్షరాల ఆకారంలోనో, యోధుడి ముఖంలోనో సన్నగా కనిపిస్తుంది. అది పట్టుకోవాలంటే అంకెలు చదివితే చాలదు, నాణేలు చూడాలి, చాలా చూడాలి. 1824, 1830 మధ్య బ్రస్సెల్స్‌లో కొట్టినవి, ఉట్రెక్ట్ కాగడా గుర్తువి పక్కపక్కన పెట్టుకుని చూస్తే కన్ను మెల్లగా అలవాటు పడుతుంది.

నిజమైన దొంగ సరుకు వేరే ఉంది. ఈ కాలంలో సేకర్తను మోసం చేయడానికే తయారైనది. అందులో బంగారం సరిగ్గానే ఉండొచ్చు, తేదీ మాత్రం మార్చి ఉంటారు. ఇలాంటి దాని ముందు త్రాసూ గీటురాయీ ఓడిపోతాయి. ఎవరిని మోసగించడానికి చేశారన్నది నా ప్రశ్న. 1840లో పీటర్స్‌బర్గ్‌లో కొట్టినది పుచ్చుకున్నవాణ్ని మోసగించలేదు. నిన్న తేదీ మార్చి తయారుచేసినది కొనేవాణ్ని మోసగించడానికే పుట్టింది. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడం అన్యాయం.

కొనేటప్పుడు అంచు చూడండి. చాలా డకట్లు ఏదో ఒక కాలంలో మెడలో వేలాడినవే. చెవి ఊడదీసి, మాటు గీకేసిన చోట అంచు గీతలు చదునైపోతాయి. బజారులో దానికి ధర బాగా పడిపోతుంది. పెట్టుబడి కోసం కొనేవాళ్లు వదిలేయొచ్చు. నేను వదలను. అమెరికాలో, యూరప్‌లో వేలంలో కొని ఇంటికి తెచ్చుకునే మనవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశపు 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మళ్లీ దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకి లేదు.

బంగారం ధర ఎగబాకిన ప్రతిసారీ నాకు భయం వేసేది ఈ అరిగిన కాసుల గురించే. వేలందారు పట్టించుకోడు, కంసాలి మూసలో వేస్తాడు. పోలిష్ గద్ద ఉందో లేదో చూడకుండానే కరిగిపోతుంది.

నా దగ్గర ఉన్న 1849 డకట్‌కి చెవి ఊడదీసిన మచ్చ ఉంది. అమ్మినవాడు చీటీ మీద 'నకిలీ, రష్యా' అని రాసిచ్చాడు. ఆ చీటీ తీసేసి నేను ఇంకోటి రాసి పెట్టుకున్నాను: 'బొమ్మ హాలండ్‌ది. కొట్టినది పీటర్స్‌బర్గ్ కావచ్చు. మెడలో వేసుకున్నవారు తెలియదు. బరువు 3.47 గ్రాములు.'