ఇన్సులిన్ లెక్కన కోడే మనకు దగ్గరా?

మనిషి ఇన్సులిన్‌ని, కోడి ఇన్సులిన్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే 51 అమైనో ఆమ్లాల్లో (ప్రొటీన్‌ను కట్టే ముక్కలివి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం గుర్తు) తేడా వచ్చేది 7 చోట్లే. గినీ పందితో పోలిస్తే తేడాలు దాదాపు 18. గినీ పంది మనలాగే క్షీరదం, కోడి పక్షి. ఎంత శాతం ఒకేలా ఉందో చూసి చుట్టరికం కలిపితే కోడే మనకు దగ్గరి బంధువని తేలుతుంది! అలాగని పోల్చిన సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. ఏ అక్షరం ఏ అక్షరానికి ఎదురుగా వస్తుందో అది సరిగ్గానే చూపించింది. దాన్ని మనం ఎలా చదువుతున్నామన్నదే నా బాధ.

ఇన్సులిన్‌లో ఎ, బి అని రెండు గొలుసులుంటాయి. గినీ పంది వరసలో, అంటే దాని అమైనో ఆమ్లాల క్రమంలో, బి గొలుసు పదో స్థానం చూడండి. మనిషిలో, పందిలో, ఆవులో, కోడిలో కూడా అక్కడ హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అది జింకును పట్టుకుంటుంది, దానితో ఆరు ఇన్సులిన్ అణువులు ఒక గుంపుగా చేరి క్లోమంలో నిల్వ ఉంటాయి. గినీ పందికి అక్కడ ఆస్పరాజిన్ ఉంది, గుంపు కట్టదు. గుంపు కట్టే అవసరం పోయాక మిగతా చోట్ల కూడా మార్పులకు అడ్డు తగ్గిందని చాలాకాలంగా ఉన్న వివరణ. ఇంత మారినా సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ఆరు చోట్లు మాత్రం కదల్లేదు. రెండు గొలుసులనూ కలిపి ఉంచే బంధాలు వాటివే మరి. ఏది మారింది, ఏది మారలేదు అన్న ఈ కథంతా శాతం అంకెలో కనిపించదు.

ఈ పోలికకు దారి వేసింది 1970 నాటి నీడిల్‌మన్-వున్ష్ పద్ధతి. 1981లో స్మిత్-వాటర్‌మన్ పద్ధతి, 1990లో పోలిన వరసలను వెతికిపెట్టే బ్లాస్ట్ ప్రోగ్రామ్ వచ్చాయి. అన్నిటిలోనూ నడిచేది మార్కుల లెక్కే. ఏ అమైనో ఆమ్లం బదులు ఏది వస్తే ఎన్ని మార్కులో చెప్పే బ్లోసమ్62 పట్టికలో ఐసోల్యూసిన్ బదులు వేలిన్ వస్తే 3 మార్కులు, ట్రిప్టోఫాన్ ట్రిప్టోఫాన్‌గానే నిలిస్తే 11. ఖాళీ (గ్యాప్) వదిలితే మార్కులు కోస్తారు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: ఏ సంబంధమూ లేని రెండు ప్రొటీన్లు ఇచ్చినా, నీడిల్‌మన్-వున్ష్ పద్ధతితో నడిచే నీడిల్ అనే టూల్ వాటిని ఎలాగోలా జత చేసి చూపిస్తుంది. సంబంధం ఉందా లేదా అని తేల్చాల్సింది మనమే.

ఇంకో చిక్కు ఉంది. ప్రొటీన్ వరసలు దాచి ఉంచే యూనిప్రాట్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఇన్సులిన్ అని వెతికితే వచ్చేది శరీరం కత్తిరించకముందు ఉన్న పొడుగు వరస. మనిషిది 110 అమైనో ఆమ్లాలు, ఆవుది 105. ఆ ఐదు ఎక్కడ తగ్గాయి? మధ్యలో కోసి తీసేసే సి పెప్టైడ్‌లో. మనిషిలో అది 31, ఆవులో 26. హార్మోన్‌గా పనిచేసే 51లో ఈ రెండింటికీ తేడా మూడు చోట్లే. పందికైతే ఒక్కటే, బి గొలుసు చివర. 1982లో మనిషి ఇన్సులిన్ మందుగా మార్కెట్లోకి వచ్చేదాకా షుగర్ రోగులను కాపాడింది ఈ ఆవు, పంది ఇన్సులిన్లే. పొడుగు వరసను అలాగే సాఫ్ట్‌వేర్‌లో వేసేస్తే, కోసి పారేసే ముక్కలోని మార్పులన్నీ శాతంలో కలిసిపోతాయి. రోగికి పనికొచ్చిన ఆ దగ్గరితనం కాస్తా తక్కువగా కనిపిస్తుంది.

డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల్లో వరసలను పక్కపక్కన పేర్చిన రంగురంగుల అలైన్‌మెంట్ బొమ్మ ఒకటి, కింద ఒక శాతం పెట్టి సరిపెట్టేయడం నాకు నచ్చదు. ఇన్సులిన్ 51 అక్షరాలే కదా, ముందు విద్యార్థులతో కాగితం మీద చేత్తో వరసపెట్టించండి. తర్వాత చాలా వరసలను ఒకేసారి పేర్చే క్లస్టల్ ఒమేగా టూల్ తెరవండి. వరసలు ఉచితం, టూల్ ఉచితం, ల్యాబ్ అక్కర్లేదు, చిన్న ఊరి కాలేజీలో ఫోన్ ఉన్నా చాలు. వైవాలో శాతం ఎంత అని కాకుండా, ఈ గ్యాప్ ఇక్కడే ఎందుకు వచ్చింది, ఈ సిస్టీన్ ఎందుకు మారలేదు అని అడగండి. మార్కులు ఆ జవాబుకే వేయండి.