రసాయనాల ఎంపికే తొలి రక్షణ

గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఉమ్మడి వరంగల్ ప్రజలు ప్రధానంగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మన పిల్లలలో ఎందరికి ఉద్యోగాలు వస్తాయి, భూములు ఇచ్చిన రైతులకు న్యాయం జరిగిందా అన్నవి ఆ ప్రశ్నలు. రెండూ అడగవలసినవే. వాటితోపాటు మూడో ప్రశ్న కూడా గట్టిగా వినిపించాలని మేము కోరుకుంటున్నాం. అక్కడ తయారయ్యే నూలులో, బట్టలో ఏయే రసాయనాలు వాడబోతున్నారు, అదే పని చేస్తూ అంతకన్నా తక్కువ హాని చేసేవి ఉన్నాయేమో ఉత్పత్తి మొదలుకాకముందే ఎవరైనా పరిశీలించారా అన్నది ఆ ప్రశ్న.

మన దగ్గర కాలుష్య నియంత్రణ అంటే గొట్టం చివర నిలబడి చేసే పనిగా మిగిలిపోయింది. వ్యర్థజలంలో ఏది ఎంతకు మించరాదో చెప్పే పట్టిక ఉంటుంది, శుద్ధి కేంద్రం ఉంటుంది, ఫిర్యాదు వచ్చినప్పుడు అధికారులు సీసాల్లో నమూనాలు పట్టుకుపోతారు. ఈ పద్ధతి మనల్ని ఎంతవరకు కాపాడుతుందో హైదరాబాద్ దగ్గరి పారిశ్రామిక ప్రాంతం పటాన్‌చెరు చెప్పింది. నక్కవాగు పొడవునా నీరు చెడిపోయి, ఊళ్లు కోర్టుకెక్కిన తర్వాత అక్కడ పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రంలో శుద్ధి అయి బయటికి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కూడా అంతకన్నా తక్కువే. శుద్ధి కేంద్రాలు అక్కర్లేదని మేము అనడం లేదు, అవి లేకపోతే పరిస్థితి మరింత ఘోరంగా ఉండేది. అయితే తయారీలోకి ఒకసారి ప్రవేశించిన పదార్థం నీటిలోకో, బురదలోకో, గాలిలోకో, కార్మికుడి ఒంట్లోకో, వస్తువు కొన్నవారి ఇంట్లోకో చేరుకోక మానదు. దాన్ని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది వస్తువును రూపొందించే దశలోనే తేలిపోతుంది. ఆ తర్వాత మనం చేసేదంతా నష్టాన్ని కొంత తగ్గించుకునే ప్రయత్నం మాత్రమే.

1984 భోపాల్ దుర్ఘటనకు కారణమైన మిథైల్ ఐసోసయనేట్ అక్కడ అమ్మకానికి తయారు చేసిన సరుకు కాదు. కార్బరిల్ అనే పురుగుమందు తయారీలో అది మధ్యలో వచ్చే పదార్థం. ముడిసరుకులను వేరే వరుసలో కలిపితే ఆ వాయువు అవసరమే లేకుండా కార్బరిల్‌ను తయారు చేయవచ్చని రసాయన శాస్త్రానికి అప్పటికే తెలుసు. ఆ రెండో మార్గంలోనూ ఫాస్జీన్ వంటి విషవాయువు ఉంటుంది కాబట్టి అది పూర్తిగా నిరపాయకరమని చెప్పలేం. కానీ నగరం పక్కన ట్యాంకులో టన్నుల కొద్దీ మిథైల్ ఐసోసయనేట్‌ను నిల్వ పెట్టవలసిన అగత్యం ఉండేది కాదు.

ప్రత్యామ్నాయాల ఎంపిక ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో అర్థం కావాలంటే మన ఇళ్లన్నింటిలో పరిచయమున్న కేడీఎం బంగారాన్ని తలచుకోవాలి. పూర్వం నగల అతుకులకు వాడే టంకంలో రాగి పాలు ఎక్కువ. నగను కరిగించినప్పుడు ఆ రాగి కలిసి బంగారం స్వచ్ఛత తగ్గేది, కొన్నవారు నష్టపోయేవారు. ఈ లోపం తీర్చడానికి 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపిన టంకం వచ్చింది. కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది, 767 డిగ్రీలకు మరిగి ఆవిరవుతుంది. మంట తగలగానే అది చాలావరకు ఎగిరిపోయి అతుకు దగ్గర దాదాపు బంగారమే మిగులుతుంది. కొనేవారికి ఇది ఎంతో మేలనిపించింది. ఎగిరిపోయిన కాడ్మియం మాత్రం ఇరుకు గదిలో మంట మీదికి వంగి కూర్చున్న స్వర్ణకారుడి ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరింది. నగ నాణ్యతను పెంచిన గుణమే ఆ నగ చేసిన మనిషి ఆయుష్షును తీసింది. కాడ్మియం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ పరిశోధన సంస్థలు తేల్చిచెప్పిన తర్వాత, హాల్‌మార్కింగ్ ప్రమాణాలు టంకంలో దాన్ని నిషేధించిన తర్వాత, జింక్ వంటి లోహాలతో చేసిన టంకాలు అందుబాటులోకి వచ్చిన తర్వాత కూడా కేడీఎం నగ అంటే మేలైన నగ అన్న నమ్మకం జనంలో పోలేదు. సన్నని వెండి తీగలను లెక్కలేనన్ని చోట్ల అతికి తీర్చే కరీంనగర్ ఫిలిగ్రీ వంటి పనిలో టంకమే ప్రాణం కాబట్టి, తాను కొనే టంకంలో ఏమేమి లోహాలు ఉన్నాయో తెలుసుకునే హక్కు ప్రతి కళాకారుడికీ ఉండాలి.

ఒక సమస్యను తీర్చబోయి మరొక సమస్యను నెత్తికెత్తుకోవడం ఇక్కడితో ఆగలేదు. ప్లాస్టిక్ సీసాల మీద ‘బీపీఏ ఫ్రీ’ అని రాసి అమ్మడం మొదలైన తర్వాత పలు వస్తువుల్లో బిస్ఫినాల్ ఏ (బీపీఏ) అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం స్థానంలోకి దాని దగ్గరి చుట్టమైన బిస్ఫినాల్ ఎస్ వచ్చి చేరింది, అది కూడా శరీరంలోని హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటుందని ఆ తర్వాత పరిశోధనల్లో బయటపడింది. పేరు మారినంత మాత్రాన ప్రమాదం తప్పినట్టు కాదు.

వరంగల్ విషయానికి వస్తే, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన దర్రీల (జంపఖానాల) నుంచే ఈ చర్చ మొదలు కావాలి. చేతి అద్దకంలో నూలు చిలపలను కర్రలకు వేలాడదీసి, మరుగుతున్న కాగులో ముంచి తిప్పుతారు. ఉతుకులకు నిలిచే వ్యాట్ రంగులు నేరుగా నీటిలో కరగవు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపినప్పుడే కరిగి నూలులోకి ఇంకుతాయి, బయటికి తీసి గాలి తగలనిచ్చాక మళ్లీ గట్టిపడి నిలుస్తాయి. హైడ్రోస్ చూడడానికి ఉప్పులాంటి తెల్లని పొడి. తేమ తగిలితే వేడెక్కి దానంతట అదే అంటుకోగలదు, ఊపిరాడనివ్వని సల్ఫర్ డయాక్సైడ్‌ను వదులుతుంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బా ఉన్న గదిలోనే మనుషులు పని చేయవలసి వస్తే ఏమి జరగవచ్చో వేరే చెప్పనక్కర్లేదు. నల్ల రంగు కోసం వాడే సల్ఫర్ రంగులను కరిగించడానికి సోడియం సల్ఫైడ్ కావాలి. దానికి ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఎక్కిన రంగును స్థిరపరచడానికి ఒకప్పుడు విరివిగా వాడిన పొటాషియం డైక్రోమేట్‌లో ఉన్నది క్యాన్సర్ కారకమైన క్రోమియం.

వీటిలో ప్రతిదానికీ బదులు ఉంది. సోడియం సల్ఫైడ్ చేసే పనిని గ్లూకోజ్ వంటి చక్కెరలతో చేయించవచ్చు. డైక్రోమేట్ స్థానంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ సరిపోతుంది, పని అయ్యాక అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఎక్కువ భాగం నూలుకే పట్టుకుని, తక్కువ ఉప్పుతో పని జరిగే రియాక్టివ్ రంగులు మార్కెట్లో ఉన్నాయి. అయితే ఉష్ణోగ్రత, సమయం, పాళ్లు అన్నీ మారతాయి కాబట్టి ఇవేవీ డబ్బా మార్చినంత సులువుగా జరిగిపోవు. మొదటి కొన్ని వాయిలు చెడిపోవచ్చు, ఛాయ తేడా వస్తే సరుకు వెనక్కి రావచ్చు. రోజు గడవడమే కష్టమైన అద్దకందారు ఆ నష్టాన్ని ఒంటరిగా భరించాలని ఆశించడం అన్యాయం.

సహజ రంగులకు తిరిగి వెళితే చాలునన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ సంప్రదాయం మీద మాకు ఎంతో గౌరవం ఉంది. సున్నం, తగిరిస గింజలతో నీలిమందు తొట్టిని పులియబెట్టిన మన పెద్దలు హైడ్రోస్ లేకుండానే నిలిచే నీలాన్ని సాధించారు. కానీ మొక్క నుంచి వచ్చిన రంగును నూలుకు పట్టించడానికి మైలుతుత్తమో, క్రోమియం లవణమో వాడితే ఆ నీరు కూడా చెరువుకు చేటే. పటిక, కరక్కాయతో చేసిన అద్దకం వేరు, ఇది వేరు. రంగు ఎక్కడి నుంచి వచ్చిందన్న దానితోపాటు మొత్తం వాయిలో ఏమేమి కలిశాయన్నది చూసి తీర్పు చెప్పాలి.

పెద్ద పరిశ్రమల దగ్గర ప్రశ్న మరో రూపంలో ఉంటుంది. నూలును, బట్టను కడగడానికి వాడే నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు నీటిలో విచ్ఛిన్నమై, చేపల్లో స్త్రీ హార్మోన్‌లా పనిచేసే నోనైల్‌ఫినాల్‌గా మారతాయి. ఉతికే బట్టల్లో ఇవి బరువులో 0.01 శాతానికి మించరాదని ఐరోపా సమాఖ్య 2021 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. కొవ్వు ఆల్కహాళ్ల నుంచి తయారయ్యే డిటర్జెంట్లు ఇదే పని చేస్తాయి. వాన నీరు జారిపోయేలా బట్టకు పట్టించే ఫ్లోరిన్ పూతలు ప్రకృతిలో దాదాపు ఎప్పటికీ నశించవు. ఎనిమిది కర్బన పరమాణువుల పూతను వదిలి ఆరు కర్బన పరమాణువుల పూతకు మారిన కంపెనీలు ఇప్పుడు దానిపైన కూడా ఐరోపా ఆంక్షలను ఎదుర్కొంటున్నాయి. ఇక్కడ సరైన ప్రశ్న ఏ పూత వాడాలన్నది కాదు, ఆ వస్తువుకు అసలు పూత అవసరమా అన్నది. మంచు కొండలెక్కేవారి కోటుకు ఉన్న అవసరం బడి సంచికి లేదు, దానికి మైనపు పూత చాలు. అలాగే పాత ప్లాస్టిక్ సీసాల నుంచి పాలియెస్టర్ దారం తీసేటప్పుడు కరిగిన ముద్దలోనే రంగు కలిపేస్తే ఆ దారానికి ఆ తర్వాత అద్దకం తొట్టి అవసరమే ఉండదు. వస్తువు రూపకల్పనను మార్చడం వల్ల కలిగే మేలు ఒక రసాయనం బదులు మరొకటి పెట్టడం వల్ల కలిగే మేలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని మా అభిప్రాయం.

పిల్లల చేతుల్లోకి, నోళ్లలోకి వెళ్లే నిర్మల్ బొమ్మల వంటి వాటి విషయంలో ఏ ఉపేక్షా తగదు. ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. పరిశ్రమలకు, వాహనాలకు వాడే పెయింట్లు ఆ నియమాల పరిధిలో లేవు. బొమ్మలకు మెరుపు తెచ్చే డ్యూకో రకం రంగులు ఈ సందులోంచే కళాకారుల దాకా వస్తాయి. పసుపు, నారింజ ఛాయల కోసం వాడే లెడ్ క్రోమేట్‌లో సీసం, క్రోమియం రెండూ ఉంటాయి. నమోదైన హస్తకళాకారులను, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను తప్పనిసరి నాణ్యతా ముద్ర నుంచి కేంద్రం మినహాయించింది. పరీక్షల ఖర్చు మోయలేని కుటుంబాలకు అది న్యాయమైన వెసులుబాటే. అయితే మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వాల మీద అదనపు బాధ్యత పడుతుంది. పరీక్షించిన, సీసం లేని రంగులను హస్తకళల అభివృద్ధి సంస్థ టోకున కొని చిన్న డబ్బాల్లో కళాకారులకు అందించాలి.

దేశంలో చట్టాలు లేవని కాదు. బెంజిడిన్ ఆధారిత రంగులు 42, మరో 70 అజో రంగులు కలిపి మొత్తం 112 రంగులను 1990 దశకంలోనే కేంద్రం నిషేధించింది. కానీ విడిగా తూకం వేసి పొట్లం కట్టిచ్చే రంగు పొడి మీద రసాయనం పేరు ఉండనప్పుడు, తాను కొన్నది నిషేధిత జాబితాలో ఉందో లేదో అద్దకందారుకు తెలిసే మార్గం లేదు. నిషేధంతోపాటు సాయం అందించే వ్యవస్థ కూడా కావాలి.

అలాంటి వ్యవస్థ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1989 నుంచి నడుస్తోంది. విష రసాయనాలను పెద్ద మొత్తంలో వాడే పరిశ్రమలు ఏటా లెక్క చెప్పాలి, రుసుము చెల్లించాలి, వాడకం తగ్గించుకునే ప్రణాళిక రాసుకోవాలి. ప్రణాళికను అమలు చేయాలన్న నిర్బంధం లేకపోయినా, ఒకసారి లెక్క వేసి చూసుకున్నాక వృథా ఎంతో తెలిసి చాలా సంస్థలు తామే మారాయి. వసూలైన రుసుముతో లోవెల్ నగరంలోని విశ్వవిద్యాలయంలో ఒక సంస్థ నడుస్తోంది. చిన్న పరిశ్రమల కోసం ప్రత్యామ్నాయాలను ప్రయోగశాలలో పరీక్షించి చూపడం దాని పని. లోవెల్ కూడా పత్తి మిల్లులతో ఎదిగి, ఆ మిల్లులు మూతపడడం చూసిన ఊరే. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లును పోగొట్టుకున్న వరంగల్‌కు 1959 నుంచి ఎన్‌ఐటీ ఉంది, 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, రెండింటిలోనూ రసాయన శాస్త్రం తెలిసిన ఆచార్యులు, విద్యార్థులు ఉన్నారు. అద్దకందారు తెచ్చిన పొట్లంలో ఏముందో పరీక్షించి చెప్పే, కొత్త పాళ్లతో మొదటి వాయిలను తమ ఖర్చుతో చేసి చూపే కేంద్రాన్ని ఇక్కడ నెలకొల్పడానికి కావలసినది ప్రభుత్వ నిర్ణయమే.

జౌళి పార్కులో ఇకపై స్థలం కేటాయించే ప్రతి పరిశ్రమ నుంచి వాడబోయే రసాయనాల జాబితాను, వాటికి పరిశీలించిన ప్రత్యామ్నాయాలను, వద్దనుకున్నవాటిని ఎందుకు వద్దనుకున్నారో కారణాలను ముందే తీసుకోవాలి. ఆ వివరాలను తెలుగులో చుట్టుపక్కల గ్రామ పంచాయతీల్లో అందుబాటులో ఉంచాలి. వ్యాపార రహస్యం పేరుతో ఫార్ములా దాచుకోవచ్చు గానీ, ప్రమాదకర పదార్థం పేరును దాచే అవకాశం ఇవ్వకూడదు. సంక్షేమ హాస్టళ్లకు జంపఖానాలు, దుప్పట్లు రాష్ట్ర చేనేత సహకార సంస్థ (టెస్కో) ద్వారా కొంటున్నది ప్రభుత్వమే కాబట్టి, వచ్చే కొనుగోళ్లలో హానికర రంగులు, సహాయక రసాయనాలు లేని సరుకును కోరుతూ, అందుకయ్యే అదనపు ఖర్చును, పరీక్ష రుసుమును చేనేత సంఘాల మీద వేయకుండా కొనుగోలు ధరలోనే కలిపి చెల్లించాలని మేము కోరుతున్నాం.