లోకల్‌వాళ్లకే తెలిసిన పది చోట్ల జాబితా గారికి

మహారాజరాజశ్రీ 'చెన్నైలో లోకల్‌వాళ్లకు మాత్రమే తెలిసిన పది చోట్లు' అనే జాబితా గారి దివ్యసముఖానికి,

మద్రాసు టీ నగర్ నుంచి ఒక లోకల్‌వాడు చేసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ మేం క్షేమంగా లేం. కారణం తమరే.

ఒకప్పుడు నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చుట్టాలొస్తే మా పని తేలిగ్గా ఉండేది. మెరీనా, లైట్‌హౌసు, గిండీ పాముల పార్కు, రంగనాథన్ వీధిలో చీరలు. చేతిలో సుండల్ పొట్లం పెడితే సాయంత్రం గడిచిపోయేది. ఓపికుంటే మహాబలిపురం. ఇప్పుడు మా తోడల్లుడి కొడుకు చెప్పులు విప్పకముందే ఫోను చూపిస్తున్నాడు. "బాబాయ్, మెరీనాకి టూరిస్టులు పోతారు. మాకు లోకల్‌వాళ్లు పోయే చోట్లు కావాలి."

ఒరే నాయనా, లోకల్‌వాడు పోయేది ఆఫీసుకి. అక్కణ్నించి కూరగాయల కొట్టుకి. ఆదివారం పొద్దున మటన్ కొట్టుకి. వీటిలో ఒక్కటీ తమరిలో లేదు. తమరిని రాసిందెవరో తెలీదు గానీ, వేళచ్చేరిలో అద్దెకు దిగి ఇంకా గ్యాస్ కనెక్షనైనా మార్పించుకోని పిల్లాడని నా అనుమానం.

తమరి రెండో నంబరు కాశిమేడు చేపల రేవు. తెల్లవారుజామున నాలుగింటికల్లా పొండి, అప్పుడే ఒడ్డు చేరే పడవలు, చేపల వేలం, సూర్యోదయం అని ఊరించారు. సూర్యుడి సంగతి నిజమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం. మనవాళ్ల పిల్లలకు ఎండాకాలం సెలవులూ సరిగ్గా అప్పుడే. అంటే తమరు ఏటా మా చుట్టాలందరినీ నిద్ర చెడగొట్టి, వరసగా కట్టేసిన మరపడవలు చూడ్డానికి తోలుతున్నారన్నమాట. మా వదిన ఆ పడవల ముందే నిలబడి ఫోటో దిగి, 'లోకల్ లైఫ్' అని కింద రాసుకుంది. పక్కన వల బాగు చేసుకుంటున్నాయన తమిళంలో ఏదో అన్నాడు. "ఎంత ఆప్యాయంగా పలకరిస్తున్నాడో!" అని మురిసిపోయింది. వల తొక్కుతున్నావు, పక్కకు జరగమ్మా అన్నాడని నేను చెప్పలేదు. చుట్టరికాలు ముఖ్యం.

మిగతా నెలల్లో పోయినా సుఖం లేదు. గంపలు మోసే వాళ్ల దారికి అడ్డంగా నిలబడి వీడియోలు తీసి, వంజరం చేప ధర అడిగి, కొనకుండా వచ్చేవాళ్లను అక్కడి అమ్మలు ఏమంటారో తమరొకసారి స్వయంగా పోయి వినండి. మద్రాసు భాషకు ఆ రేవే విశ్వవిద్యాలయం.

అడయారు దివ్యజ్ఞాన సమాజం తోటలో మహామర్రి మొదలు కింద కూర్చుని ధ్యానం చేయమన్నారు. ఆ మొదలు 1989 గాలివానలో కూలిపోయింది. ఇప్పుడున్నవి ఊడలు. లోపలికి ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వరు కూడా. విరిగిన వంతెన సంగతి మరీ ఘోరం. నది దాటడానికి జాలర్ల కోసం కట్టిన వంతెన, 1977లో అడయారు ఉరవడికి తెగింది. మళ్లీ కట్టలేదు. అర్ధ శతాబ్దంగా ఒక ఊరు పనికి రాని వంతెనను అలా వదిలేస్తే, తమరికి అది 'ప్రేమికుల స్వర్గం'గా తోచింది.

తిరుమయిలై స్టేషన్లో ఖాళీ ప్లాట్‌ఫాం అందాలు చూడమని ఇంకొకటి. ఆ స్టేషన్ కింద పారేది బకింగ్‌హాం కాలువ. కూవం, అడయారు నదుల్ని కలిపే ఈ ముక్కను 1877-78 కరువు కాలంలో కూలీలు తవ్వారు. పైన పెదగంజాం దగ్గర ఈ కాలువ కృష్ణా కాలువలతో కలిసేది. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మన జిల్లాల నుంచే ఈ ఊరికి వచ్చేవి. ఇప్పుడు ముక్కు మూసుకోకుండా దాని పక్కన నిలబడలేం. ఫోటోలో కాలువ పడకుండా కెమెరా పైకెత్తారు చూడండి, అదొక్కటే తమరిలో నేను చూసిన అసలైన లోకల్ విద్య.

ఇక నాగేశ్వరరావు పార్కు. 'మైలాపూరువాళ్లు దాచుకున్న పచ్చదనం' అట. ఎక్కడ దాచారండీ? లజ్ చర్చి రోడ్డు మీదే ఉంది. పొద్దున ఆరింటికి పోతే వాకింగ్ చేసేవాళ్లు ఒకళ్లనొకళ్లు ఓవర్‌టేక్ చేసుకుంటుంటారు. ఆ నాగేశ్వరరావు ఎవరో మాత్రం తమరు రాయలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, అమృతాంజనం ఆయనదే, ఆంధ్రపత్రిక ఆయనదే. ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ పెద్దలు ఒప్పందం రాసుకున్నారు. రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ అని టీవీల్లో గొంతులు లేచినప్పుడల్లా ఆ కాగితం పేరు ఇప్పటికీ వినబడుతుంది. తలనొప్పి మందు అమ్మిన ఆయన ఇంట్లోనే ఇంతకాలం తగ్గని తలనొప్పికి సంతకాలు పడ్డాయి.

మైలాపూరులోనే 126, రాయపేట హైరోడ్డు. బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి, 58 రోజులయ్యాక, అక్కడే ప్రాణం వదిలారు. ఇప్పుడది స్మారక భవనం. 'మద్రాసు మనదే' అని గొంతు చించుకున్న తరం మనవలు ఆ గేటు ముందు నుంచే ఆటోలో పోతూ, కోల్డ్ కాఫీ ఎక్కడ బాగుంటుందని తమరిని అడుగుతున్నారు. తమరు టక్కున చెబుతున్నారు కూడా. వడపళనిలో విజయా వాహినీ స్టూడియోల నేల మీద లేచిన మాల్‌లో ఐస్‌క్రీం తింటూ, మన సినిమావాళ్లు ఒకప్పుడు మద్రాసులో ఎక్కడుండేవాళ్లు బాబాయ్ అని అడిగాడు మావాడు. కాళ్ల కిందకు చూడమన్నాను. చెప్పుల వంక చూసుకున్నాడు.

పొరపాటున వీటన్నిటినీ తమరిలో చేర్చుకునేరు, దణ్ణం పెడతాను. శ్రీరాములుగారి పటం ముందు ఎవరైనా రీలు తీస్తే చూసి తట్టుకునే వయసు కాదు నాది.

ఇంతకీ అసలు కోపం వేరే ఉంది, కాస్త చిన్నబుద్ధే అనుకోండి. మా వెనక సందులో ఒక ఆంధ్రా మెస్. పేరు చెప్పను. అరిటాకు, కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర, అడిగితే ఊరమిరపకాయ. పెద్దాయన మన మొహం చూసే పెరుగు ఎంత వేయాలో తెలుసుకునేవాడు. తమరు దాన్ని ఏడో నంబరుగా వేశారు. ఇప్పుడు టోకెన్ తీసుకుని ఎండలో నిలబడాలి. లోపలికి పోతే పప్పులో నీళ్లు, నీళ్లలో పప్పు. అరిటాకు స్థానంలో ఆకు బొమ్మ అచ్చేసిన కాగితం వచ్చింది. పక్క బల్ల మీది అమ్మాయి కందిపొడిని పది కోణాల్లో ఫోటో తీసి, కారమని వదిలేసింది. కందిపొడి వదిలేసిందండీ! గోడకు మాత్రం తమరి పేజీ ఫ్రేము కట్టి తగిలించారు.

ఇంత రాశాక తమరిని ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదు. కాబట్టి మాలాంటి వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక చోటు చెబుతాను, పదకొండో నంబరుగా వేసుకోండి. సెంట్రల్ స్టేషన్, మధ్యాహ్నం పూట పినాకినీ ఎక్స్‌ప్రెస్ బయల్దేరే ప్లాట్‌ఫాం. మద్రాసు తెలుగువాళ్లం ఎంతో ఇష్టంగా పోయే చోటు అదే. పోయేటప్పుడు వెంట చుట్టాలుంటారు, సామానుంటుంది. వచ్చేటప్పుడు ఏమీ ఉండవు.

ఇట్లు,
తమరి రెండో నంబరుకు తెల్లవారుజామున ఆటో మాట్లాడిపెట్టే
టీ నగర్ బాబాయ్