నాలుగేళ్ల ఫీజు మొత్తం రాసిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

హనుమకొండలో కాలేజీ ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. నేనడిగింది ఒక్కటే. మా బిడ్డ బీటెక్‌కు నాలుగేళ్లకు అన్నీ కలిపి ఎంతవుతుందో రాసివ్వండి అని. ‘అట్ల ఎవరికీ రాసియ్యం సార్’ అన్నాడు కౌంటర్లో మనిషి, తల కూడా ఎత్తకుండా. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మితే హమాలీ ఖర్చుతో సహా తక్‌పట్టీ మీద, అంటే అమ్మకం లెక్క చీటీ మీద, రాసిస్తారు. లక్షలు తీసుకునే కాలేజీకి ఆ మాత్రం చేతకాదా?

కన్వీనర్ కోటా సీటే. ట్యూషన్ ఫీజు ఏడాదికి 95,000. ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే మా బీసీ పిల్లలకు సర్కారు ఫీజంతా ఇస్తుంది, దాటితే 35,000 దగ్గర ఆగిపోతుంది. ఫీజులు పెరిగినా ఆ 35,000 పెరగదు. సరే, మిగతా 60,000 మేమే కట్టుకుందామని, నాలుగేళ్లకు 2,40,000 లెక్కేసి చిట్టీ కడుతున్నాం. ఇప్పుడేమో ఆ 35,000 కూడా ముందు మీరే కట్టండి, సర్కారు ఇచ్చినంక వాపస్ ఇస్తం అంటున్నారు. అంటే ఇంకో 1,40,000. బకాయిలు రావట్లేదని 2025 నవంబర్‌లో కాలేజీలే బంద్ పెట్టాయి కదా, మరి నాకు వాపస్ ఎప్పుడిస్తారు? కట్టకపోతే చివర్లో మెమోలు, టీసీ ఆపుతారు. బస్సు ఫీజు అడిగితే రూటును బట్టి అంటారు, స్పెషల్ ఫీజు తర్వాత చెప్తాం అంటారు. ఇంట్లో బడ్జెట్ ఎట్లా వేసుకోవాలి?

ఈ టెన్షన్‌లో ఇంటికొస్తే మా పెద్దబావ మాట ఇంకా కాల్చింది. ‘ఆడపిల్లకు గంత ఖర్చెందుకు, డిగ్రీల ఎయ్యి, ఆ పైసలు పెండ్లికి దాచు.’

ఇదే మాట మా చెల్లె అప్పుడూ విన్నది. దానికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఫీజుకు, హాస్టల్‌కు పైసల్లేవన్నారు. మరుసటేడే ఎకరం అమ్మి పెండ్లి చేశారు. బేరం కుదిర్చింది ఈ పెద్దబావే. ఫంక్షన్ హాలుకు, మటన్‌కు, బ్యాండుకు, పిల్లగానికి బండికి ఎక్కడా తక్కువ కాలేదు. ఆకువక్కల దగ్గర్నుంచి ఖర్చంతా నోటుబుక్కులో రాసిపెట్టారు, ఆ బుక్కు ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది. అందులో చెల్లె చదువుకు ఒక్క పేజీ లేదు. అది ఇప్పుడు బట్టల షాపులో పొద్దంతా నిలబడి పనిచేస్తోంది. క్లాసులో లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్ల. దాని ముఖం చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తున్నా. నా బిడ్డ పెండ్లికి నేను రూపాయి దాచడం లేదు. మిగిలిన అరెకరం అమ్మాల్సొస్తే దాని చదువుకే అమ్ముతా. ఆ బేరానికి నువ్వు రావద్దు.