సవరణ: స్టార్టర్ మోటారు మార్చేముందు బ్యాటరీ విప్పే క్రమం

కారు స్టార్టర్ మోటారును ఇంట్లోనే మార్చుకోవడం గురించి లోగడ రాసిన టపాలో, ఇగ్నిషన్ నుంచి తాళంచెవి తీశాక ముందుగా బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌ను విప్పాలని పేర్కొన్నాను. అది నా పొరపాటు. ముందు విప్పవలసింది నెగెటివ్ టెర్మినల్. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఎత్తిచూపాక, నా కారు సర్వీసు మాన్యువల్‌లో సరిచూసుకున్నాను.

ఇప్పటి కార్లలో నెగెటివ్ బాడీకి కలిపి ఉంటుంది కనుక, దాన్ని విప్పకముందే పాజిటివ్ నట్టుపై పెట్టిన స్పానర్ రెండో కొస ఇంజనుకో బాడీకో తగిలితే, షార్టయి వందల ఆంపియర్ల కరెంటు ఆ స్పానర్ గుండానే పారుతుంది. తాళంచెవి తీసినంత మాత్రాన ఈ ప్రమాదం తొలగిపోదు. బ్యాటరీ నుంచి సోలినాయిడ్‌కు (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చుకు) వచ్చే లావుపాటి కేబులులో తాళంతో నిమిత్తం లేకుండా ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి, చాలా కార్లలో దానికి ఫ్యూజు కూడా ఉండదు. చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయడం మంచిదని కూడా అప్పుడే రాసి ఉండవలసింది.

మరొక వివరణ. తాళం తిప్పగానే టక్కుమని ఆగిపోతే మోటారు చెడిపోయినట్టేనని నేను చెప్పినట్టు కొందరు గ్రహించారు. నా ఉద్దేశం అది కాదు. పూర్తిగా చార్జయిన బ్యాటరీ, ఇంజను ఆపి కొన్ని గంటలైన తరువాత, సుమారు 12.6 వోల్టులు చూపాలి. అంతకు బాగా తక్కువగా ఉన్నా, టెర్మినళ్లపై తెల్లని పొడి పేరుకున్నా, ఇంజనును బాడీకి కలిపే ఎర్త్ వైరు వదులైనా అదే శబ్దం వస్తుంది. మోటారు కొనడానికి ముందే వీటిని చూసుకోవాలి.