ఒంటి తురాయి పిల్లను తీసెయ్యకండి

వయండాట్ జాతి కోళ్లలో తల్లికీ తండ్రికీ తల మీద చక్కటి గులాబీ తురాయి (వెడల్పుగా, గరుకుగా ఉండే ఎర్రటి కండ) ఉన్నా, అప్పుడప్పుడు ఒంటి తురాయితో (ఒకే పలకలా నిటారుగా నిలిచేది) పిల్ల పుడుతుంది. చాలామంది దాన్ని చూడగానే జాతి చెడిందనో, గుడ్లు అమ్మినవాళ్లు కల్తీవి అంటగట్టారనో అనుకుని వదిలించుకుంటారు. పెరటి పెంపకంలో ఇంతకన్నా తొందరపాటు నిర్ణయం ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఆ పిల్ల పుంజైతే దాన్ని తప్పకుండా ఉంచుకోవాలి.

ఎందుకో చెప్తాను. ప్రతి కోడికీ తురాయి జన్యువు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తుంది. గులాబీ ప్రతి ఒక్కటున్నా చాలు, తురాయి గులాబీగానే కనిపిస్తుంది. ఒంటి తురాయి ప్రతి దాని చాటున దాగి ఉంటుంది. అలా దాచుకున్న పుంజూ పెట్టా జతకడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఒంటి తురాయితో పుడుతుంది. జాతి శుద్ధమైనదే, కల్తీ ఏమీ లేదు.

మరి తరతరాలుగా ఏరిపారేస్తున్నా ఈ ఒంటి తురాయి ఎందుకు పోవడం లేదు? రెండు గులాబీ ప్రతులున్న పుంజుకు సంతాన శక్తి తక్కువ కాబట్టి, ఒంటి ప్రతిని దాచుకున్న పుంజుల పిల్లలే గుంపులో ఎక్కువగా నిలుస్తాయి. 7వ క్రోమోజోమ్ మీద దాదాపు 74 లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవున్న ముక్క తలకిందులవడం వల్ల గులాబీ తురాయి వస్తుందని 2012లో తేలింది. ఆ ముక్క ఒక కొస తురాయి ఆకారాన్ని మార్చింది. రెండో కొస వీర్యకణాల కదలికకు కావలసిన ఇంకో జన్యువును తెగ్గొట్టింది. ఒక మంచి ప్రతి మిగిలి ఉంటే పుంజుకు ఇబ్బంది లేదు. రెండూ తెగినవే అయితే వీర్యకణాలు చురుగ్గా కదలవు, వేరే పుంజు పోటీకి ఉంటే వెనకబడతాయి. పెట్టలకు మాత్రం ఏ లోటూ ఉండదు. ఈ లోపం లేని గులాబీ రకం ఇంకోటి కూడా ఉంది గానీ, చూపుతో తేడా పట్టలేం. కాబట్టి గులాబీ తురాయి గుంపులో పొదగేసిన ఏడో రోజు లైటు పెట్టి చూసినప్పుడు గుడ్లు వరసగా ఖాళీగా కనిపిస్తుంటే, మేతనీ ఇంక్యుబేటర్‌నీ తప్పుపట్టే ముందు పుంజును అనుమానించండి.

పరిష్కారం సులువే. శుద్ధ గులాబీ (రెండు ప్రతులూ గులాబీవే ఉన్న) పెట్టల మీద ఒంటి తురాయి పుంజును వదిలితే, పిల్లలన్నిటికీ గులాబీ తురాయే వస్తుంది, కొడుకులందరిలో ఒక మంచి ప్రతి ఉంటుంది. ప్రదర్శనలో ఒంటి తురాయి వయండాట్‌కు చోటు లేదు, నిజమే. దాని కొడుకులకు మాత్రం ఏ అడ్డూ లేదు.

గులాబీ పుంజులో ఒంటి ప్రతి దాగి ఉందో లేదో తెలియాలంటే దాన్ని ఒంటి తురాయి పెట్టతో జతకట్టి చూడాలి. ఒక్క పిల్ల ఒంటి తురాయితో పుట్టినా ఉన్నట్టే. ఏడు పిల్లలూ గులాబీలే అయితే దాగి ఉండే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు పెట్టను ముందుగా వేరుచేయకపోవడం. పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాలు నిలవుంటుంది. మూడు వారాలు విడిగా ఉంచాకే జతకట్టండి, లేకపోతే ఎవరి పిల్లో తెలియదు.

గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజే పిల్ల ముక్కు పైన భూతద్దంతో చూడవచ్చు. సన్నగా ఒకే గీత ఉంటే ఒంటి తురాయి, మూడు గీతలు పక్కపక్కన ఉంటే బఠానీ అనే ఇంకో రకం తురాయి, వెడల్పాటి గరుకు పలకలా ఉంటే గులాబీ. బఠానీతో జాగ్రత్త. దాని ప్రతి ఒక్కటే ఉన్న కోడికి తురాయి కాస్త పెద్దదై, మధ్య వరస పైకి లేచి వంకరపోతుంది. దాన్ని ఒంటి తురాయి అని పొరబడేవాళ్లున్నారు.

గులాబీ, బఠానీ జన్యువులు రెండూ ఒకే కోడిలో కలిస్తే వాల్‌నట్ (అక్రోటు కాయలా ముడతలు పడ్డ) తురాయి వస్తుంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో బేట్సన్, పనెట్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రజ్ఞులు దీన్ని విప్పిచెప్పారు. రెండిట్లోనూ ఒక్కో ప్రతే ఉన్న వాల్‌నట్ కోడిని ఒంటి తురాయి కోడితో కలిపితే వాల్‌నట్, గులాబీ, బఠానీ, ఒంటి అనే నాలుగు రకాల పిల్లలూ సమానంగా రావచ్చు, అదేం విచిత్రం కాదు.

నీలి గుడ్ల కోసం బఠానీ తురాయి పిల్లలనే ఏరుకునేవాళ్లకు ఒక మాట. బఠానీ తురాయి, నీలి గుడ్డు జన్యువులు ఒకే క్రోమోజోమ్ మీద బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి, నీలి గుడ్లు పెట్టే అరౌకానా జాతి సంతతిలో ఆ గుర్తు చాలావరకు పనికొస్తుంది. బ్రహ్మా, అసీల్ కోళ్ల బఠానీ తురాయి వెంట నీలి గుడ్డు జన్యువు రాదు.

పొదిగించే గుడ్లు అమ్మేవాళ్లు తమ గుంపులో ఒంటి తురాయి దాగి ఉందో లేదో ముందే చెప్పాలి. ఉందని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు, కొనేవాళ్లు ధర తగ్గించమని అడగనూ కూడదు.